మెయిల్‌బాక్స్ దాటి వచ్చిన పక్కింటాయన

పోయిన మంగళవారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ రూట్ ఎనభై మీద ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఫోన్ మోగింది. పక్కింటాయన చెల్లెలు. ఆవిడ ఎప్పుడూ మెసేజ్ పెడుతుంది తప్ప ఫోన్ చేయదు. అందుకే తీయకముందే నాకు సగం అర్థమైంది. ఆయనకి నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కాఫీకి లేవకపోతే వెళ్ళి చూసిందట. "మీ మామగారికి చెప్పండి. నా లిస్టులో మొదటి నలుగురిలో ఆయనున్నారు" అంది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. ముందున్న కార్లు ఎప్పుడు కదిలాయో నేను చూసుకోలేదు.

ఆయన్ని నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మా ఇంట్లో ఆయన పక్కింటాయన, అంతే. ఎనిమిదేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ బతికాం. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన మంచి చెప్పాలంటే నా అనుమానం సంగతి కూడా చెప్పాలి. అది వదిలేస్తే ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకుండదు.

మేము పార్సిప్పనీలోని ఆఫీసుకి అరగంట దూరంలో ఈ టౌన్‌హౌస్ అద్దెకి తీసుకుని దిగింది ఒక సెప్టెంబరులో. ఇక్కడ ఇళ్ళన్నీ ఒకే అచ్చు. ఒకే రంగు గోడలు, ఒకే తెల్ల గరాజ్ తలుపు, ప్రతి డ్రైవ్‌వే చివరా ఒక నల్ల మెయిల్‌బాక్స్. సామాన్లు దింపుతున్నప్పుడు పక్క వాకిట్లో ఆయన నిక్కరు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ముక్కు ఒక పక్కకి తిరిగిపోయి ఉంది. ఎడమ కాలి చీలమండకి పట్టీతో బిగించిన నల్లటి పెట్టె. అప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు. దాన్నే వేలితో చూపిస్తూ నా కొంగు లాగింది. ఆయన చూశారు. "ఇది నా వాచీ. కాకపోతే టైమ్ చెప్పదు" అన్నారు నవ్వుతూ. పై వరసలో ఒక పన్ను లేదు. (ఆయన ఇంగ్లీషులో అన్నవే నాకు వినపడిన తీరులో మన మాటల్లో రాస్తున్నాను.)

అమ్మాయి నవ్వింది. నేను దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టాను.

తర్వాత ప్రతిదీ అనుమానమే. పగలంతా ఆ ఇంటి కర్టెన్లు మూసే ఉండేవి. గరాజ్‌లోంచి గంటల తరబడి ధబ్ ధబ్‌మని ఒకే చప్పుడు. వారానికోసారి చేతిలో ఫైలుతో ఒక మనిషి వచ్చి పది నిమిషాలుండి వెళ్ళేవాడు. పక్కింటాయన రోజూ మెయిల్‌బాక్స్ దాకా నడిచి వచ్చి, అక్కడ ఎవరో గీత గీసినట్టు ఆగి, వెనక్కి వెళ్ళేవారు. ఒకరోజు ఆయన ఉత్తరం పొరపాటున మా డబ్బాలో పడింది. దాని మీది పేరు పట్టుకుని మా ఆయన ఇంటర్నెట్‌లో వెతికారు.

హాకీ ఆటగాడట. మనకి తెలిసిన మైదానం హాకీ కాదు, మంచు మీద ఆడేది. పదకొండేళ్ళు పెద్ద లీగులో ఆడారు. గోల్స్ కొట్టింది చాలా తక్కువ. ఆయన పని కొట్లాడటం. అవతలి జట్టువాడు మనవాణ్ణి మోటుగా తోస్తే, ఈయన వెళ్ళి వాడి చొక్కా పట్టుకుని గుద్దాలి. అలాంటివాడు ప్రతి జట్టుకీ ఒకడుండేవాడట. వీడియోల్లో ఇద్దరు మనుషులు గ్లవ్స్ విసిరేసి మొహాలు పచ్చడి చేసుకుంటుంటే వేలమంది లేచి నిలబడి కేకలు. అంపైర్లు చూస్తూ ఉంటారు. అయ్యాక ఇద్దర్నీ తలా ఐదు నిమిషాలు అద్దాల గదిలో కూర్చోబెడతారు. మా ఆయన వరసగా నాలుగు చూసి, "ఇది ఆటా?" అన్నారు.

ఆ కింద కేసు వార్త ఉంది. రిటైరయ్యాక చాలా ఏళ్ళకి ఒక రెస్టారెంట్ పార్కింగ్‌లో ఒకతన్ని కొట్టారు. అతని దవడ విరిగింది. ఈయన నేరం ఒప్పుకున్నారు. జైలుకి బదులు తొమ్మిది నెలలు ఇంట్లోనే ఉండాలని కోర్టు చెప్పి హద్దు దాటితే మోగే ఆ పెట్టెని కాలికి కట్టించింది. దెబ్బతిన్నవాడు విడిగా దావా వేస్తే సొంత ఇల్లు పోయింది. భార్య అంతకుముందే విడిపోయింది. ఇప్పుడుంటున్నది చెల్లెలి ఇంట్లో. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా డ్యూటీలోనే ఉండేది.

మా ఆయన వెంటనే గుమ్మానికి కెమెరా బిగించారు. అది సరిగ్గా ఆయన డ్రైవ్‌వేని చూస్తూ ఉండేది. రెండో రోజే ఆయన తన హద్దు లోపల నిలబడి పిలిచారు. "ఇంకొంచెం ఇటు తిప్పండి. నేనెక్కడికీ వెళ్ళలేదని చూపించుకోడానికి నాకూ పనికొస్తుంది" అన్నారు. మా ఆయన సిగ్గుపడి దాన్ని పూర్తిగా మా గుమ్మం వైపే తిప్పేశారు. నాకు మాత్రం ఆ మాట మీదా అనుమానమే. ఇంత తెలివిగా మాట్లాడుతున్నాడంటే ఏదో ఉందనుకున్నాను.

మా వరసలో మూడో ఇల్లు సునీతది. వరంగల్ వాళ్ళు. అక్టోబరులో ఒక ఉత్తరం టైప్ చేసుకుని వచ్చింది, మా ఇళ్ళ అసోసియేషన్‌కి ఇవ్వడానికి.

"ఇట్లాంటోని పక్కన పిల్లల్ని ఎట్ల ఆడనిస్తం అక్కా? నువ్వైతే డైరెక్ట్ పక్కింట్లనే ఉన్నవ్. నువ్వు సైన్ చెయ్యకుంటే ఎట్ల?" అంది.

చదివాను. ఆయన తీరు సస్పిషస్‌గా ఉందని, పిల్లల గురించి భయంగా ఉందని, హద్దు దాటి తిరగడం మేము చూశామని అందులో ఉంది. ఆ చివరిది నేనెప్పుడూ చూడలేదు. సునీత చూసిందా అని కూడా అడగలేదు. సంతకం పెట్టాను. పన్నెండు సంతకాల్లో నాది ఆరోది. స్కూల్లో మొదలైన అలవాటు కొద్దీ నేను తెలుగులోనే సంతకం చేస్తాను.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం నేను కారు దిగుతుంటే ఆయన మెయిల్‌బాక్స్ దగ్గర నిలబడి ఉన్నారు.

"నేను దాటి తిరుగుతున్నానని ఎవరో రాసిచ్చారు. వారం వారం వచ్చే ఆఫీసర్ అడిగాడు. మీరా?"

"కాదు" అన్నాను. తడుముకోలేదు కూడా.

"సరే" అన్నారు.

ఎందుకో నేనే ఆగి, "నమ్మారా?" అన్నాను.

"నేనెవర్నీ నమ్మనండీ. నా మీద కేసు పడ్డాక వచ్చిన అలవాటిది. మీరు మనసులో పెట్టుకోకండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ నెలలోనే మా మామయ్యగారు వచ్చారు. అత్తయ్య పోయిన ఏడాది అది. ఆరునెలలు మా దగ్గరుండమని తీసుకొచ్చాం. మామయ్యగారు ఒంగోలు డిపోలో ముప్పై మూడేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఇంజన్ పక్కన కూర్చుని కూర్చుని చెవులు మందగించాయి. చెవి మిషన్ పెట్టుకుంటే గాలికి కూతపెడుతుందని బయటికెళ్ళినప్పుడల్లా తీసి జేబులో వేసుకునేవారు. మొదటిరోజే చెప్పాను, పక్కింటాయనతో మాట్లాడొద్దని.

"నాకు ఇంగ్లీషొస్తే గదమ్మా మాట్టాడేది" అన్నారు.

మూడో రోజుకి పక్క వాకిట్లో మామయ్యగారికో కుర్చీ పడింది. చలిలో ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని కూర్చునేవారు. ఈయన తెలుగులో, ఆయన ఇంగ్లీషులో. నేను వంటగది కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఈ పెద్దాయన దగ్గర ఆయనకేం పని? ఏం రాబట్టడానికి?

"ఏం మాట్లాడుకుంటారు మామయ్యా?"

"ఆయనకి మోకాళ్ళ నొప్పులు, నాకు నడుం నొప్పి. డాక్టర్లకి ఏమీ తెలవదని ఇద్దరం ఒప్పుకున్నాం."

"ఆ ఇంట్లో చప్పుడేంటో అడిగారా?"

"కర్రతో రబ్బరు బిళ్ళని చెక్కకేసి కొడతన్నాడమ్మా. చెయ్యి ఊరుకోదంట. తలుపుతెరలు ఏసుకునేది వెలుగు పడితే తలకాయ పగిలిపోద్దని. అన్ని దెబ్బలు తిన్న తల గదా."

"ఇదంతా మీకెట్లా తెలిసింది?"

"చేత్తో చూపించాడు."

అప్పుడు చెప్పేశాను, కోర్టు శిక్ష పడ్డ మనిషి అని, దవడ విరగ్గొట్టాడని. మామయ్యగారు తల ఊపారు. "నేనూ రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగినోణ్ణే. అద్దంకి రోడ్డులో ఒకాయన బస్సుకి అడ్డం పడ్డాడు. తప్పు ఆయనదే. అయినా రెండేళ్ళు ఊళ్ళో నాతో ఎవురూ సరిగ్గా మాట్టాళ్ళా" అన్నారు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ సంగతి నాకు తెలియదు. మా ఆయనకీ తెలియదు.

పక్కింటాయన ఆ చలికాలంలో నేర్చుకున్న తెలుగు రెండే మాటలు. మామయ్యగారు లేచి ఇంటికి బయల్దేరినప్పుడు మన కండక్టర్లలాగా "రైట్ రైట్" అనేవారు. నిజానికి అది మన నోట్లో నలిగిన ఇంగ్లీషేనని ఆయన చివరిదాకా గుర్తుపట్టలేదు.

ఇక ఫిబ్రవరి. మంచు పడి రెండు రోజులైంది. నేను ఇంటినుంచే పని చేస్తూ మేడమీద మీటింగ్‌లో ఉన్నాను. పది గంటలకి మామయ్యగారు నడకకి వెళ్ళారు. మంకీ క్యాప్, దాని మీద మఫ్లర్, మా ఆయన పాత కోటు. ఇళ్ళన్నీ ఒకేలా ఉండటంతో తిరిగొచ్చేటప్పుడు ప్రతి గరాజ్ ముందూ ఆగి నంబరు చూసుకుంటూ వచ్చేవారు. మొహం కప్పుకున్న ఎవరో మనిషి ఇల్లిల్లూ ఆగి చూస్తున్నాడని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు.

అరుపు వినిపించి కిటికీ దగ్గరికి వెళ్ళాను. రోడ్డుకి అవతల పోలీసు కారు. చాలా చిన్న వయసు ఆఫీసరు, ఒక్కడే, "చేతులు బయటికి తియ్" అని అరుస్తున్నాడు. మామయ్యగారికి వినపడటం లేదు. ఏదో అడుగుతున్నాడని మాత్రం అర్థమై, చెవి మిషన్ పెట్టుకుందామని చెయ్యి కోటు జేబులోకి పెట్టారు. ఆఫీసరు చెయ్యి నడుం దగ్గరి తుపాకీ మీదికి పోయింది.

నేను మెట్లు దిగుతూనే ఉన్నాను. హెడ్‌సెట్ ఎక్కడ పడిపోయిందో తెలియదు. తలుపు తీసేసరికి పక్కింటాయన మెయిల్‌బాక్స్ దాటి రోడ్డు మధ్యలో ఉన్నారు. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు చూపిస్తూ, మెల్లగా నడుస్తున్నారు. "ఆయనకి చెవుడు. ఇక్కడే ఉంటారు. నాకు తెలుసు ఆయన" అంటున్నారు. ఆఫీసరు ఆ ఆకారం చూసి ఇటు తిరిగి, "ఆగు అక్కడే" అని అరిచాడు. పక్కింటాయన ఆగారు. ఆగి, ఎవరూ అడక్కముందే, ఆ పాడైపోయిన మోకాళ్ళ మీద మంచులో కూర్చుని చేతులు తల వెనక పెట్టుకున్నారు. మాట ఆపలేదు. పసిపిల్లాణ్ణి జోకొట్టేటప్పటి గొంతుతో "నన్ను చూడు ఆఫీసర్, నన్నే చూడు" అంటున్నారు. అతను ఆయన్నే చూశాడు. ఆయన కాలి పెట్టె కీచుకీచుమంటోంది.

ఆ లోపల నేను సాక్సులతోనే పరిగెత్తి మామయ్యగారి ముందు నిలబడ్డాను. "మా మామగారు, మా మామగారు" అంటున్నానుట. ఏ భాషలో అన్నానో నాకు గుర్తు లేదు. ఆఫీసరు చెయ్యి దించాడు. నాకు సారీ చెప్పాడు. కానీ పెట్టె మోగింది కాబట్టి ఎవరికో చెప్పక తప్పలేదు. ఇంకో కారు వచ్చింది. పక్కింటాయన చేతులకి బేడీలు వేసి ఎక్కించారు.

మామయ్యగారు మిషన్ చెవిలో పెట్టుకుని నన్ను అడిగారు. "అడుగుతుంది నన్ను గదమ్మా? ఆయన్నెందుకు తీసుకపోతన్నారు?"

రెండు రోజుల తర్వాత ఆయన్ని ఇంటికి పంపారు. హద్దు దాటినందుకు మార్చిలో విచారణ. ఆయన లాయరమ్మ మా ఇంటికి వచ్చి, చూసింది చూసినట్టు చెప్పగలరా అని అడిగింది. ఆలోచించి చెప్తామన్నాం. ఆవిడ వెళ్ళాక మా ఆయన తలుపు వేసి, "మన గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. కోర్ట్ రికార్డ్‌లో నీ పేరు ఎక్కితే ఎవడు ఏమంటాడో తెలీదు" అన్నారు.

"ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగుదాం."

"అడిగాను. విట్‌నెస్ అయితే ప్రాబ్లం లేదన్నాడు. వాళ్ళకేం, అలాగే అంటారు." మళ్ళీ తనే, "అయినా ఆయన అదంతా జడ్జి దగ్గర మంచిపేరు కోసం చేశాడేమో, మనకేం తెలుసు?" అన్నారు.

ఆ ఆలోచన నాకూ వచ్చింది, అందుకే కోపం రాలేదు. అసలు ఆ వారమంతా నాకు అందరి మీదా అనుమానమే. ఆ ఫోన్ చేసింది ఎవరు? సునీతేనా? ఎదురింటివాళ్ళా? గుడ్‌మార్నింగ్ చెప్పిన ప్రతివాళ్ళ మొహంలోనూ వెతికేదాన్ని. ఎవరో ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఒకటే. ఎవరో కిటికీలోంచి చూసి ఏదో అనుకుని చేసిన పని అది. నేను ఆ ఉత్తరం మీద సంతకం పెట్టిందీ అలాగే. దానికి నాకు నిద్ర పట్టలేదు. మామయ్యగారు ఒక్కసారే అడిగారు, "ఎప్పుడు పోతన్నావమ్మా కోర్టుకి?" అని. పోతావా అని అడగలేదు.

వెళ్ళాను. కోర్టు హాలు నేననుకున్నదాంట్లో సగం కూడా లేదు. జడ్జి పెద్దాయన. లాయరమ్మ అడిగినవాటికి బాగానే చెప్పాను. తర్వాత ప్రభుత్వం తరఫు లాయరు లేచి ఒక కాగితం నా ముందు పెట్టాడు. అసోసియేషన్‌కని ఇచ్చిన ఉత్తరం ఆయన ఫైల్లోకి ఎప్పుడో చేరింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఏ భాష ఇది?"

"తెలుగు."

"ఈయన హద్దు దాటి తిరగడం చూశామని ఇందులో ఉంది. చూశారా?"

పక్కింటాయన నాకు పది అడుగుల దూరంలో, చెల్లెలి పక్కన కూర్చుని ఉన్నారు. నేను అటు చూడలేదు.

"లేదు. చూడలేదు."

"చూడనిది చూశానని సంతకం పెట్టారు. ఇప్పుడు చూశానంటున్నారు. మేము ఏది నమ్మాలి?"

ఆ కాగితం మీది నా అక్షరాల వైపు చూశాను. చివరికి, "అప్పుడు తెలియక భయపడి పెట్టాను. ఆ రోజు మాత్రం నా కళ్ళతో చూశాను. ఆయన రాకపోతే మా మామగారు ఇవాళ ఉండేవారో లేదో నాకు తెలియదు" అన్నాను. జడ్జి మంచినీళ్ళు ఇప్పించారు.

జైలు వేయలేదు. కారణం మంచిదే కానీ దాటడం దాటడమేనని, ఇంకో రెండు నెలలు పెంచారు.

బయట వరండాలో ఆయన లాయరమ్మతో మాట్లాడటం అయ్యేదాకా నిలబడ్డాను. పారిపోవాలనిపించింది. ఆయనే వచ్చారు.

"పన్నెండు సంతకాల్లో నేను చదవలేకపోయింది అదొక్కటే. అన్నీ గుండ్రాలే. అందుకే గుర్తుండిపోయింది" అన్నారు.

"అది ముందే చూశారా మీరు?"

"ఆఫీసర్ నవంబర్‌లోనే చూపించాడు. కింద మీ పేరు టైప్ చేసి ఉందిగా."

"మరి నన్నెందుకు అడిగారు, మీరా అని?"

"చెప్తారేమోనని."

నేను ఏడుస్తున్నాను. ఆయనకి ఏడిచే మనుషుల ముందు ఏం చేయాలో తెలియదు. నేల వైపు చూస్తూ, "మీ మామగారికి జలుబు చేసిందన్నారు, తగ్గిందా?" అన్నారు.

ఆ రెండు నెలల ఖరీదు ఏమిటో ఆయన మాకు చెప్పలేదు. ఏప్రిల్లో చెల్లెలు చెప్పింది. ఆయన కూతురి పెళ్ళి మే మొదటి శనివారం, మిన్నెసోటాలో. నాలుగేళ్ళు మాట్లాడకుండా ఉండి, ఆ ఏడాదే తండ్రిని పిలిచిందట. పాత లెక్క ప్రకారం మార్చి ఆఖరుకే పెట్టె ఊడిపోవాలి. ఇప్పుడు మే ఆఖరు. కోర్టుని అడిగారు, కుదరదన్నారు.

మామయ్యగారికి చెప్పాను. "ఆడపిల్ల తండ్రి పెళ్ళిరోజు ఒక్కడే కూర్చుంటే ఎట్టమ్మా?" అన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం మేము నలుగురం మొదటిసారి ఆ ఇంటి లోపలికి వెళ్ళాం. మామయ్యగారు ఇస్త్రీ పంచె కట్టి, కండువా వేసుకుని, స్టీలు గిన్నెలో అక్షింతలు కలుపుకుని వచ్చారు. బల్ల మీద లాప్‌టాప్. అక్కడ పెళ్ళి మండపంలో ముందు వరస కుర్చీ మీద ఇంకో లాప్‌టాప్ పెట్టారు, తండ్రి స్థానంలో. పెళ్ళికూతురు ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. ఆ కుర్చీ దగ్గర ఆగి, వంగి, తండ్రికి కనపడేలా తెరని కొంచెం పక్కకి తిప్పింది. ఇక్కడ మా బల్ల మీద పెళ్ళి మొత్తం కొద్దిగా కదిలి సర్దుకుంది. పక్కింటాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఉంగరాలు మార్చుకుంటుంటే మామయ్యగారు లేచి లాప్‌టాప్ మీద అక్షింతలు వేశారు. పక్కింటాయన గిన్నెలోకి చూసి, ఆ వంకర వేళ్ళతో నాలుగు గింజలు పట్టుకుని, ఎలా వేయాలో చూపించమన్నారు. చాలా వారాలు ఆ కీబోర్డులో రెండు అక్షరాలు పడేవి కావు. శుభ్రం చేయిస్తానని మా ఆయన అంటే ఒప్పుకోలేదు.

మే చివర్లో పెట్టె తీసేశారు. అంతకు ముందు వారమే మామయ్యగారు వెళ్ళిపోయారు. ఆ పొద్దున నేను కిటికీలోంచి చూశాను, ఈసారి అనుమానంతో కాదు. ఆయన మెయిల్‌బాక్స్ దాకా నడిచారు. అక్కడ ఒక పది నిమిషాలు నిలబడ్డారు. మళ్ళీ వెనక్కి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు దాటారు.

రెండేళ్ళ తర్వాత ఊళ్ళోని ఐస్ రింక్‌లో శనివారాలు చిన్నపిల్లలకి స్కేటింగ్ నేర్పే పని దొరికింది. ఏటా కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజున కేసు కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి తల్లిదండ్రుల ముందు బల్ల మీద ఉంచేవారు. "ముందే చూపిస్తే వెతుక్కునే పని తప్పుతుంది" అనేవారు. ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన వాళ్ళకి తలుపు తీసి పట్టుకునేవారు. ఉన్నవాళ్ళలో మా అమ్మాయి ఒకతి. ఆ వేళ్ళతో పదిహేనుమంది పిల్లలకి తనే లేసులు కట్టేవారు. సగం క్లాసు దానికే అయిపోయేది.

ఒకసారి ధైర్యం చేసి ఆ పార్కింగ్ సంగతి అడిగాను. "కొట్టాను. అది నిజం. ఎందుకు కొట్టానన్నది రోజుకో రకంగా గుర్తొస్తుంది. అందుకే ఎవరికీ చెప్పను" అన్నారు. ఆయన మంచివాడే కాబట్టి ఆ రోజు తప్పు అవతలివాడిదే అయ్యుంటుందని నేను రాయగలను. కానీ నాకు తెలియదు. ఒక మనిషి దవడ విరిగింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక ఏడు మా అమ్మాయి చేతి మీద నీలంగా కమిలిన మచ్చ కనపడింది. నా బుర్రలో మొట్టమొదట మెదిలింది ఆయనే. దాన్ని గదిలోకి తీసుకెళ్ళి అడిగాను కూడా. స్కూల్లో ఆడుకుంటూ పడిందట. అంత జరిగాక కూడా నాకా ఆలోచన వచ్చింది. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే "సరే" అనేవారేమో.

మామయ్యగారు ఇప్పుడు ఒంగోల్లో మా ఆడపడుచు దగ్గరుంటున్నారు. ఫోన్ చేసి చెప్పాను. మిషన్ సర్దుకుని రెండోసారి చెప్పించుకున్నారు.

"నువ్వు పోతన్నావుగా?"

"వెళ్తాను మామయ్యా."

"నా బదులు కూడా కాసేపు నిలబడమ్మా."

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి చూపుకి వెళ్ళాం. యాభై మంది దాకా వచ్చారు. రింక్ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. సునీత కూడా వచ్చి, నా పక్కనే కూర్చుంది. పెట్టెలో ఆయన్ని సూటూ టైతో పడుకోబెట్టారు. మెడ దాకా గుండీలు బిగించి, జుట్టు దువ్వి, ఎవరో బ్యాంకు మేనేజర్లా ఉన్నారు. ఎనిమిదేళ్ళలో ఆయన చొక్కా పై గుండీ పెట్టుకోగా నేను చూడలేదు.

వెనక వరసలో ఒక మనిషి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చాలా పెద్ద ఒళ్ళు, నెరిసిన జుట్టు, చేతికర్ర. పుస్తకంలో పేరు రాయలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టె వైపే రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నేను అతని దవడ వైపు చూశాను. అది కొంచెం ఒక పక్కకి ఉన్నట్టనిపించింది. ఆ పార్కింగ్ మనిషే అనుకున్నాను. ఇక్కడికి కూడా ఎందుకొచ్చాడు? అతను కర్ర పట్టుకుని లేచేసరికి నేనూ లేచి వెళ్ళి చెల్లెలి చెవిలో చెప్పాను. ఆవిడ తిరిగి చూసింది.

"కాదు. మా అన్నయ్య ముక్కు విరగ్గొట్టింది అతనే. వేరే జట్టు. పదకొండేళ్ళు ఎప్పుడు ఎదురుపడినా కొట్టుకున్నారు. విమానం దిగి సరాసరి వచ్చాడు" అంది.

అతను పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కర్రని దానికి ఆనించాడు. ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత వంగాడు, వంగడానికి చాలా కష్టపడ్డాడు. అచ్చం ఆయన వేళ్ళలాగే వంకర్లు పోయిన వేళ్ళతో టై ముడి కిందికి లాగి, చొక్కా పై గుండీ తీయడానికి ప్రయత్నించాడు. గుండీ జారిపోతోంది. ఎవరూ సాయానికి వెళ్ళలేదు. నాలుగోసారికి ఊడింది. కాలరు రెండు వైపులా కొంచెం ఎడంగా సర్ది, ఆ మెడ మీద అరచెయ్యి ఒకసారి పెట్టి, కర్ర తీసుకున్నాడు.

ముందు వరసలోంచి ఆయన కూతురు లేచి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. ఆ గుండీ మళ్ళీ ఎవరూ పెట్టలేదు.